తోస్తే వంగుతాను, లాగితే కోస్తాను

నేను ఒక రంపాన్ని. జానెడున్నర పొడవు, అట్టముక్క కంటే పలుచన, పేము చుట్టిన పిడి. నా పెట్టె మీద 'జపాన్ తరహా' అని ఉంటుంది. జపాన్ పెద్ద అక్షరాల్లో, తరహా చిన్న అక్షరాల్లో. పుట్టింది మాత్రం చైనాలో ఒక రేకుల షెడ్డులో, ఒక్క పూటలో నాలుగు వందల మంది తోబుట్టువులతో. నన్నెలా వాడాలో చెప్పే చీటీ ఒకటి పెట్టెలో పెట్టారు. పాపం, ఏదీ వదలకుండా అన్నీ రాశారు. జపాను భాషలో.

నన్ను కొన్నది కాకినాడలో బోటనీ లెక్చరర్ సోమలింగం గారు. చెట్టు కాండం లోపల ఏముంటుందో ఇరవై తొమ్మిదేళ్ళుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్న మనిషి. ఆ కాండాన్ని స్వయంగా కోయాలన్న కోరిక యాభై మూడో ఏట పుట్టింది. ఎవరో తెల్లాయన ఒక్క మేకు కొట్టకుండా కుర్చీ చేయడం ఫోనులో చూశారు. అంతే. ఆ వారమే ఉలుల సెట్టు దిగింది. వెనకే చెక్కను బిగించే క్లాంపులు, దాన్ని నునుపు చేసే గుప్పెడంత చిత్రిక వచ్చాయి. అన్నీ పైదేశం సరుకు, అన్నీ చవక. వాటితో చేసిన వస్తువులు తక్కువ, వాటికి తీసిన ఫోటోలు ఎక్కువ.

భార్య విశాలాక్షి గారి కంట పడకుండా నన్ను కాలేజీ అడ్రసుకు తెప్పించుకున్నారు. గొడుగు సంచిలో దాక్కుని ఇల్లు చేరాను. మూడో రోజు వాన పడింది. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టారు.

"ఏవండీ, ఈ గొడుగుకి పళ్ళున్నాయేంటి?"

చేతికి చిక్కిన మనిషి నోటికొచ్చింది చెబుతాడు. "అది... మన హిమజ పెళ్ళికే. పీటలు నేనే చేద్దామని."

హిమజ అంటే విశాలాక్షి గారి అన్న కూతురు. పెళ్ళి పన్నెండు రోజుల్లో ఉంది. ఆవిడ నన్ను బల్ల మీద పెట్టి, అక్కడికక్కడే అన్నగారికి ఫోను కలిపారు. "అన్నయ్యా, పెళ్ళిపీటలు కొనకు. మీ బావ స్వయంగా చేస్తున్నారు." ఆ గొంతులో ఉన్నది గర్వమో, పగో నాకు ఇప్పటికీ తెలియదు.

అవతలి నుంచి ఆయన నవ్వు ఈ గదిలోకి వినిపించింది. "బల్బు మార్చడానికి మనిషిని పిలిచే బావేనా? పీటల మీద పెళ్ళి ఆగిపోవడం విన్నాం గానీ, పీటలే లేక ఆగిపోవడం వినలేదు చెల్లీ. ఆ పేరు మనింటికి తేకు."

ఫోను పెట్టేసి ఆవిడ భర్త వైపు తిరిగారు. "విన్నారుగా. పీటలు రాకపోతే నేను మళ్ళీ నా పుట్టింటి గడప తొక్కలేను."

అలా ఒక అబద్ధం సాయంత్రానికి కాంట్రాక్టు అయి కూర్చుంది.

సోమలింగం గారు టేకు చెక్క తెచ్చి భోజనాల బల్లకు బిగించారు. కాళ్ళు ఎడం చేసి నిలబడ్డారు. ఊపిరి బిగబట్టి నన్ను ముందుకు తోశారు. నేను వంగాను. ఇంకా గట్టిగా తోశారు. అప్పడంలా మెలికలు తిరిగి 'డొయ్యిన్' మని మోగాను. పక్కింటివాళ్ళు వాయిద్యమేదో నేర్చుకుంటున్నారనుకున్నారు.

పీటకు నాలుగు చొప్పున ఎనిమిది పొట్టి కాళ్ళు కావాలి. ఆరు రోజుల్లో నాలుగు తెగాయి. ఒకటి తూర్పుకు వాలితే మరొకటి పడమరకు వాలింది. వంకర తీయడానికి చివరలు చెక్కారు. చెక్కినకొద్దీ పొట్టివయ్యాయి. ఆ రాత్రి అన్నం కూడా తినకుండా నా గురించి సమీక్ష రాశారు: 'ఇది రంపం కాదు, రేకు. మోసపోకండి.' ఒక్క నక్షత్రం ఇచ్చారు. లోకం నాకిచ్చిన మొదటి యోగ్యతాపత్రం అదే.

ఏడో రోజు పొద్దున్నే నన్ను చంకలో పెట్టుకుని జగన్నాథపురంలో కాళహస్తాచారి వడ్రంగి షెడ్డు ముందు ఆగారు. లోపలికి అడుగు పడలేదు. కారణం ఉంది. రెండేళ్ళ కిందట ఈ ఆచారి చేసిన అలమరా చూసి, 'మీకు కొలతలు రావు' అని నలుగురిలో అన్నది ఈయనే.

"రండి మాస్టారూ," అన్నాడు ఆచారి, తల ఎత్తకుండానే. "అలమరా తలుపు పడతందా?"

"పడుతోంది. ఈ రంపమే కోయడంలేదు."

ఆచారి నన్ను అందుకుని బొటనవేలితో నా పళ్ళు తడిమాడు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. అతని మీసం కదిలింది.

"దీన్ని ఎటు నడుపుతున్నారండి?"

"ముందుకి."

"అదేటండి బాబూ! దీని పళ్ళు మీకేసి చూత్తన్నాయి కదా. ఇది తోసేది కాదండి, లాగేది."

"అంటే చైనావాడు తిరగేసి బిగించాడా?"

"ఆయ్, ఆడు బాగానే బిగించాడు. తిరగేసింది తవరే." ఆచారి నన్ను వెలుగులోకి ఎత్తి చూశాడు. "మా తాత రంపం అచ్చం ఇలాగే ఉండేదండి. నేల మీద కూకుని, చెక్కని కాలితో తొక్కిపట్టి, తనకేసి లాక్కునేవోడు. మా నాన్న బల్ల కాడ నిలబడ్డం మొదలెట్టాక తోసే రంపం కొన్నాడు. ఎన్నాళ్ళకి చూశాను మళ్ళీ!"

సముద్రాలు దాటి వచ్చిన నాకు కాకినాడలో తాత దొరికాడు.

"ఇటియ్యండి, గంటలో మీ పీటలు నేనే చేసేత్తాను," అన్నాడు ఆచారి.

సోమలింగం గారు తటపటాయించారు. ఆశ పడ్డారు కూడా, నేను చూశాను. చివరికి తల అడ్డంగా ఊపారు. "వద్దు ఆచారీ. మొదట చెప్పిందే అబద్ధం. దాన్ని నిజం చేసుకోనీ."

ఆచారి ఆయన్ని నేల మీద కూర్చోబెట్టాడు. పొట్ట అడ్డొచ్చింది, మోకాలు మూలిగింది. అయినా చెక్కను కాలితో తొక్కిపట్టి నన్ను లాగారు. ఒక్కసారి లాగేసరికి సర్రుమని దిగాను. ఆయన మొహంలో ఆ క్షణం కనిపించిన వెలుగు ఉద్యోగం వచ్చిననాడు కూడా వచ్చి ఉండదు. అరగంటలో నాలుగు కాళ్ళు పెన్సిలు గీత మీద తెగిపడ్డాయి. అక్కడే నా నక్షత్రాలు ఐదయ్యాయి.

ఇక్కడే ఆయనొక తప్పు చేశారు. లాగి కోసిన కాళ్ళు కొలత ప్రకారం ఉన్నాయి. తోసి కోసినవి వేలెడు పొట్టి. మళ్ళీ కోయడానికి చెక్క లేదు. పొడుగువి పెళ్ళికూతురి పీటకు, పొట్టివి పెళ్ళికొడుకు పీటకు దిగ్గొట్టారు. పెళ్ళిలో పీటల కిందకు ఎవరు చూస్తారులే అనుకున్నారు.

పీటల కింద ఎవరూ చూడలేదు. తెర పైన చూశారు.

ముహూర్తం పదకొండూ ఎనిమిదికి. వధూవరులు ఎదురెదురుగా పీటల మీద కూర్చున్నారు. మధ్యలో తెర పట్టారు. సోమలింగం గారు నన్ను చేత్తో పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ 'దీంతోనే చేశాను' అని చూపిస్తూ తిరుగుతున్నారు. అప్పుడు పెళ్ళికొడుకు మేనత్త అనసూయమ్మ గారు లేచి నిలబడ్డారు.

"ఆగండి! తెర మీంచి అమ్మాయి కళ్ళు కనపడుతున్నాయి. మావాడి బాసికం కూడా కనపడదేంటి? పీటలో తేడా ఉంది!"

సన్నాయి ఆగిపోయింది.

"అయితే పీటలు మార్చండి," అన్నారెవరో.

"ఎందుకు మార్చాలి?" హిమజ నాయనమ్మ గయ్యిమంది. "మా పిల్లని పల్లంలో కూచోబెడతారా?"

"ఏడు నిమిషాలుంది," అన్నారు పురోహితుడు గడియారం చూసి.

ఆ పెళ్ళి నిజంగానే పీటల మీద ఆగింది. హిమజ తండ్రి సోమలింగం గారి వైపు చూశాడు. విశాలాక్షి గారు నేల చూపులు చూశారు. ఆ చూపు భరించలేక ఆయన పట్టుపంచె ఎగ్గట్టి మండపంలో తెర కిందే చతికిలబడ్డారు. హిమజ పీట తిరగేసి, పొడుగు కాళ్ళను వేలెడు చొప్పున కోశారు. తొందరలో కోత వంకరపోయింది. పీట నిలబెడితే టకటకమని ఊగింది.

"ఇది పీటా, ఉయ్యాలా?" అన్నారు అనసూయమ్మ గారు.

"నాలుగు నిమిషాలు!"

తెర అవతలి నుంచి పెళ్ళికూతురి గొంతు వచ్చింది. "మావయ్యా, ఎందుకండీ ఈ కొలతలు? రెండు పీటలకీ కాళ్ళు మొత్తం తీసెయ్యండి. ఇద్దరం నేల మీదే ఉంటాం."

"అవునండి, తీసెయ్యండి," అన్నాడు పెళ్ళికొడుకు. ఆ పెళ్ళిలో అతను సొంతంగా అన్న మొదటి మాట అది.

ఇక చూడండి. వంగని రంపమైతే పీటనే చీల్చేది. నేను విల్లులా వంగి పీటకు అంటుకుపోయాను. లాగారు, ఒకటి. లాగారు, రెండు. టేకు పొడి అక్షింతల్లో కలిసింది. తెర పట్టుకున్నవాళ్ళు ఒక కంట గడియారాన్ని, ఒక కంట నన్ను చూస్తున్నారు. ఏడో కాలు తెగింది. ఎనిమిదోది తెగింది. రెండు పీటలూ రెండు వైపులా జారాయి. వధూవరులు కూర్చున్నారు. ఇద్దరి బాసికాలూ ఒక్క ఎత్తున.

"సుముహూర్తం!"

గట్టిమేళం మోగింది. సోమలింగం గారు లేవబోయారు. మోకాళ్ళు లేవలేదు, పట్టేశాయి. ఆయన అలా మధ్యలో ఉండగానే తెర దిగిపోయింది. జీలకర్రా బెల్లం పట్టుకున్న రెండు చేతులు ఆయన నెత్తి మీదుగా చాచుకుని ఒకరి తలనొకరు అందుకున్నాయి. ఫోటోగ్రాఫరు ఆగమంటే ముహూర్తం ఆగుతుందా? నొక్కేశాడు.

హిమజ తండ్రే వచ్చి రెండు చంకల్లో చేతులు వేసి పైకి లేపాడు. "పెళ్ళి ఆగలేదు బావా," అన్నాడు. విశాలాక్షి గారు నన్ను భర్త చేతిలోంచి తీసుకుని, పట్టుచీర కొంగుతో పళ్ళకంటిన పొడి తుడిచారు. గొడుగు సంచి కోసం చూడలేదు. పదిమందీ చూస్తుండగా తన ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు నాకు వయసైంది. కాకినాడ ఉప్పుగాలికి పిడి దగ్గర తుప్పు మొదలైంది. నా పక్క మేకుకు ఈ మధ్యే కొరియా నుంచి ఇంకో చవక రంపం వచ్చి వేలాడుతోంది. దానికి తన చీటీ మీద మహా నమ్మకం. నేనేమీ అనను. హిమజ ఆల్బంలోని ముహూర్తం ఫోటో పెద్దది చేయించి హాల్లో కట్టారు. అక్షింతలు పడుతున్న వేళ కదా, అందులో పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంది, పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడు, మోకాళ్ళ నొప్పికి సోమలింగం గారు కూడా కళ్ళు మూసుకున్నారు. కెమెరా వైపు చక్కగా చూసి మెరిసింది నేనొక్కటే.