కింది గదిలో పన్నెండు సీసాలు

ఎండలు ముదిరాయంటే కింది గదిలో గోనెపట్టాలు తడపడం రోజుకు రెండుసార్ల పని. బకెట్లో ముంచి, పిండి, గోడ పొడుగునా కట్టిన తాడుకు వేలాడదీయాలి. గాలిలో తేమ తగ్గితే సీసాల కార్కు మూతలు ఎండిపోతాయి. కార్కు ఎండితే సీసాలోకి గాలి దూరుతుంది. గాలి దూరిన వైన్ ఎందుకూ కొరగాదు. ఇదంతా ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆయన కొని అలమరలో పెట్టిన లావుపాటి పుస్తకాలను, ఆయన ఆఫీసుకు వెళ్ళాక, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ చదువుకుంది. ఆయన మాత్రం వాటిలో రంగు బొమ్మలు చూసి, ఏ ఏడాది వైన్ ఎన్నేళ్ళు ఆగుతుందో వెనక పట్టికలో చూసి, మళ్ళీ అలమరలో పెట్టేసేవాడు.

ఆ గురువారం పైకొచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఏమండీ, ఆదివారం అక్క భోజనానికొస్తోంది కదా. ఆ పన్నెండింట్లో ఒకటి తీద్దామా?"

ఆయన పేపరు దించలేదు. "ఇంకా కాలేదు."

"ఎప్పటికవుతుంది?"

"అయినప్పుడు నేను చెప్తాగా. తడపడం వేరు, రుచి తెలియడం వేరు. నీ నాలుకకు టీకీ కాఫీకీ తేడా తెలిస్తే చాలు."

ఈ మాట ఆమెకు కొత్త కాదు. అతిథుల ముందు నవ్వుతూ అనేవాడు, అతిథులూ నవ్వేవాళ్ళు. ఆయన గ్లాసు వెలుతురుకు పట్టి తిప్పుతుంటే ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవరి కంచంలో ఏం తగ్గిందో చూస్తూ ఉండేది. అందరూ వెళ్ళాక గ్లాసులు కడిగే ముందు అడుగున మిగిలిన గుటక నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, పుస్తకంలో చదివింది వెతుక్కునేది. అలా ఎంగిలి గ్లాసుల్లో ఇరవై ఆరేళ్ళు చదువుకుంది. తనకేదైనా తెలుసని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ పన్నెండూ ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాది కొన్నవి. ఆరింటిని ఆయనే కింది గది తలుపు పక్కన, దీపం కింద, కంటి ఎత్తున ఉన్న అరలో పెట్టాడు, వచ్చినవాళ్ళకు కనబడాలని. అక్కడ పట్టని ఆరూ ఉత్తరం మూల, నేలమీది చెక్కపెట్టెలో ఉండిపోయాయి. ఆయనకు ప్రమోషన్ వచ్చినప్పుడు తీద్దామంది, ఇంకా కాలేదన్నాడు. కూతురు చదువైనప్పుడూ కాలేదు. కూతురి పెళ్ళిలో అయితే, అంత గుంపులో ఎవరికి రుచి తెలుస్తుంది, దండగ అన్నాడు. అగ్నిప్రమాదాలు జరిగిన గోడౌన్లకు వెళ్ళి ఏది పోయింది, ఏది మిగిలింది అని తేల్చే బీమా ఉద్యోగం ఆయనది. ఆ ఉద్యోగం నుంచి రిటైరైన రోజున కూడా వాటికింకా టైముందన్నాడు. మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళుగా ఆయన మెట్లు దిగలేదు. అయినా తీర్పు మాత్రం పైనుంచే వచ్చేది.

అక్కకు మాత్రం టైము లేదు. ముప్పై అయిదేళ్ళుగా బేకరీ నడిపిన మనిషి. కలిపిన పిండి చిటికెడు నాలుకమీద వేసుకుని ఉప్పెంత తక్కువో చెప్పేస్తుంది. గొంతులో గడ్డ తేలింది. సోమవారం నుంచి ఆరు వారాలు రేడియేషన్. రెండో వారానికల్లా నోరెండిపోతుంది, రుచి పోతుంది, తిరిగొస్తే రావచ్చు, రాకపోతే లేదు అన్నాడట డాక్టరు. ఫోన్లో ఇదంతా చెప్పి నవ్వింది. "ఆదివారం నాకింత మంచి భోజనం పెట్టవే చిట్టీ. నాలుక సెలవుమీద పోతోంది. తిరిగి డ్యూటీలో చేరుతుందో లేదో." తర్వాత, "నువ్వొచ్చి నా దగ్గర ఉండకూడదూ?" అంది. ఆమె "చూస్తాలే అక్కా" అంది. ఆ మాట అన్నందుకు అప్పటినుంచీ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

పాత వైన్ అడుగున మడ్డి ఉంటుంది. పడుకోబెట్టిన సీసాను రెండు రోజుల ముందే నిలబెడితే ఆ మడ్డి అడుక్కి దిగుతుంది. అంటే ఆదివారం తాగాలంటే శుక్రవారమే తేల్చుకోవాలి. శుక్రవారం పొద్దున దీపం కింది అరలోంచి ఒక సీసా తీసి గోడవారగా నిలబెట్టింది. అంతే. దొంగతనం చేసినట్టు చుట్టూ చూసి పైకొచ్చింది.

శనివారమంతా కాలు నిలవలేదు. కూర తరుగుతూ తరుగుతూ దిగేది, చూసి ఎక్కేది. తొందరపడ్డానా? పట్టికలో ఇంకా మూడేళ్ళుందే. కార్కు పొడైపోతే? అక్క ముందు ఆయన అరిస్తే? నాలుగోసారి దిగినప్పుడు టార్చి వేసి సీసా మెడకేసి చూసింది. ఉండాల్సినదానికంటే బొటనవేలంత కిందికి దిగి ఉంది వైన్. ఇన్నేళ్ళూ గోనెపట్టాలు తడిపింది కానీ, ఖరీదైనవాటి జోలికి వెళ్ళకు అని ఆయన అన్నందుకు ఈ అరలోవాటిని ఎత్తి చూడనైనా లేదు.

"కిందేం పూజ నడుస్తోంది?" పైనుంచి కేక.

"తడుపుతున్నానండీ."

మెట్లమీద కూలబడింది. అమ్మకు బాగోలేదని కబురొచ్చినప్పుడూ ఇక్కడే ఇలాగే కూర్చుంది. ఆ వారం కింది గది చల్లబరిచే మిషను పాడైంది. మిషను బాగయ్యేదాకా ఆగు, అమ్మకేం, పెద్దావిడ, తగ్గుతుందిలే అన్నాడాయన. నాలుగు రోజులు ఐసుగడ్డలు మోసి సీసాలను కాపాడింది. ఐదో రోజు వెళ్ళేసరికి అమ్మకు మాట పడిపోయింది. గుర్తుపట్టిందో లేదో కూడా తెలియదు. ఆ నాలుగు రోజుల్లో అమ్మ ఏం అడిగిందని అక్కను ఇంతవరకూ అడగలేదు. అడిగే ధైర్యం లేక.

ఆదివారం అక్క వచ్చింది. చిక్కిపోయింది, నోరు మాత్రం చిక్కలేదు. "మరిదిగారూ, మీ సీసాలు బాగున్నాయా? చదువులైపోయాయా, ఇంకా స్కూల్లోనే ఉన్నాయా?" అంది కుర్చీ లాక్కుంటూ. ఆయన నవ్వబోతూ, భార్య చేతిలో సీసా చూసి ఆగిపోయాడు.

"ఎవర్నడిగి తీశావు?"

"గురువారం మిమ్మల్నే అడిగాను."

"కాలేదన్నానుగా."

ఆమె సీసా బల్లమీద ఆనించి మూత తీయడం మొదలుపెట్టింది. కార్కు సగానికి విరిగింది. మిగతాది మెల్లగా లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి గాజు కూజాలోకి వంచింది. ఎర్రగా రావలసింది టీ రంగులో వచ్చింది. వాసన చూడగానే సీసా పోయిందని ఆమెకు తెలిసింది. అక్కకు ఈ ఒక్క ఆదివారమే ఉంది, అది కాస్తా తన చేతులమీదుగా పాడైంది.

ఆయన ఒక గుక్క తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు. మొహం వెలిగింది. "చూశావా. పులుపు ఎలా కొడుతోందో. పచ్చి. ఇంకో అయిదేళ్ళాగితే అమృతం అయ్యేది. నీ తొందరతో ముక్కు పచ్చలారనిదాన్ని చంపేశావు."

ఆమె తన గ్లాసు ఎత్తింది. ఈసారి ఎంగిలి కాదు, నిండు గుటక. నోట్లో తిప్పింది. పుల్లటి నీళ్ళు, తడిసి ఆరిన అట్టపెట్టె, ఆపైన ఏమీ లేదు. పచ్చి వైన్ నోటిని పట్టేస్తుంది, చిగుళ్ళు బిగుస్తాయి. ఇది పట్టడం లేదు, పట్టడానికి దీనిలో ఏమీ మిగల్లేదు. ఆయన మొహంలోకి చూసింది. ఆయన అబద్ధం ఆడటం లేదు. నిజంగానే తెలియదు. ఏది పోయిందో, ఏది మిగిలిందో తేల్చడమే జీవితమంతా చేసిన మనిషికి, నోట్లో ఉన్నది చచ్చిపోయిందని తెలియడం లేదు.

"పచ్చి కాదండీ. అయిపోయింది. ఏడెనిమిదేళ్ళ కిందటే అయిపోయింది. దీపం కింద పెట్టారుగా, ఆ వేడికి ఉడికిపోయాయి. ఆ అరలోవన్నీ ఇంతే."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

లేచి కిందికి వెళ్ళింది. ఉత్తరం మూల చెక్కపెట్టె తెరిచి ఒకటి తీసింది. సీసా చల్లగా ఉంది, వైన్ మెడదాకా ఉంది. నిలబెట్టి ఆగడానికి రెండు రోజులు లేవు. అందుకని పడుకున్నది పడుకున్నట్టే, నిద్రపోతున్న చంటిపిల్లను చేతులమీద తెచ్చినట్టు తెచ్చి, కూరగాయల బుట్టలో ఏటవాలుగా పెట్టి అలాగే కార్కు తీసింది. కూజా, గ్లాసులు కడిగి, మడ్డి కదలకుండా సన్నటి ధారగా కూజాలోకి వంచింది. అందులోంచి ముందు అక్కకు పోసింది, తర్వాత తనకు. ఆయన గ్లాసు చాచాడు. ఆయనకూ పోసింది, ఆఖర్న.

అక్క కళ్ళు మూసుకుంది. చాలాసేపు మింగలేదు.

"రొట్టె అడుగు కాలీకాలనప్పుడు వచ్చే వాసనే చిట్టీ. తర్వాత ఎండిన రేగుపళ్ళు. తర్వాత... ఆగు, ఇంకా వస్తోంది." అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదెక్కడ దాచావే ఇన్నాళ్ళూ?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ ఆరింటినీ నేలమీద పెట్టించడంలో నా ఉద్దేశం అదే."

అక్క పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. "అక్కా, రేపు ఎన్నింటికి ఆస్పత్రికి? ఇవాళ సాయంత్రం నీతోనే వచ్చేస్తాను. ఆరు వారాలూ ఉంటాను."

"ఇప్పటినుంచే ఎందుకు?" అన్నాడాయన. "ఒక వారం చూడు. ఆవిడకు కష్టమనిపిస్తే అప్పుడు వెళ్దువుగాని."

"ఆగి వెళ్ళడం అమ్మ విషయంలో అయిందండీ."

అక్క గ్లాసు కింద పెట్టి చెల్లెలి మొహంకేసి చూసింది. "వస్తే ఊరికే కూర్చోనివ్వను. తెల్లారకముందే లేవాలి. బేకరీలో పిండి కలిపేవాడు మంచివాడే కానీ, వాడి నాలుక మొద్దు. నాకు రుచి పోయాక ఉప్పు ఎవరు చూస్తారా అని అదొక బెంగ నాకు."

ఆమె కూజా అడుగున మిగిలింది అక్క గ్లాసులో వంచింది.

"నేను చూస్తాను," అంది.