గట్టు నుంచి నీళ్ళ దాకా

జూన్ పన్నెండో తేదీ ఆమెకి బాగా గుర్తు. ఆ పొద్దున ఇంట్లో అందరూ అన్నం, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. ఆమెకి గిన్నె అడుగున మాడు మిగిలింది. పదింటికి నీటి కమిటీ సమావేశం. వానలు గతి తప్పాయి కాబట్టి, ఏ బావిలో నీళ్ళెంతున్నాయో చూసి, దాన్నిబట్టే కొత్త బోర్లకి అనుమతి ఇవ్వాలా వద్దా తేల్చడానికి అధికారి వస్తున్నాడు.

ఆరేళ్ళుగా ఆ కొలతలు తీసింది ఆమే. ప్రతి సోమవారం వంటా, అంట్లూ, బట్టలూ అయ్యాక టేపు పట్టుకుని ఎనిమిది బావులూ తిరిగేది. గట్టు మీద బోర్లా పడుకుని టేపు దింపి, గట్టు నుంచి నీళ్ళ దాకా ఎన్ని అడుగులో పుస్తకంలో రాసేది. కమిటీలో పేరు మాత్రం భర్తది. "ఎవరి పేరైతే ఏంటే? ఇద్దరం ఒకటేగా" అన్నాడు మొదట్లో. ఒకటే అయినప్పుడు తన పేరే రాయొచ్చు కదా అని అడగాలనుకుంది. పొయ్యి మీద పాలు పొంగాయి. అడగలేదు.

సమావేశంలో ఆమె వెనక గదిలో టీ వడకడుతోంది. గోడ అవతల ఆమె పుస్తకంలోంచి చదువుతున్న భర్త గొంతు వినిపించింది. "ఆరేళ్ళ కిందట సగటున ఇరవై రెండడుగులండీ. ఇప్పుడు ముప్పై ఎనిమిది. నీళ్ళు పెరిగాయి!"

హాలంతా చప్పట్లు. ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. ముప్పై ఎనిమిది నీళ్ళ లోతు కాదు. గట్టు నుంచి నీళ్ళు అంత కిందికి దిగిపోయాయని. ఒక్క సోమవారమైనా తనతో బావి దాకా వచ్చిన మనిషి ఈ పొరపాటు చేయడు.

ట్రేతోనే తలుపు దగ్గర నిలబడి, "అది నీళ్ళ లోతు కాదండీ..." అంది.

"మా ఆవిడకి మైకు కావాలట! ముందు టీ ఇవ్వవే, చల్లారిపోతోంది" అన్నాడు భర్త. హాలు నవ్వింది. అధికారీ నవ్వి, మూడు బోర్లకి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చాక కాగితం మీద బావి బొమ్మ గీసి చూపించింది. అతని మొహం పాలిపోయింది. "ఇప్పుడెళ్ళి తప్పు చదివానని చెప్పమంటావా? తలెత్తుకు తిరగొద్దూ? కొన్నాళ్ళాగు, నేనే మెల్లగా చెప్తా." అత్తగారు "వాడి పరువు పోతే నీది మిగులుతుందా అమ్మా?" అంది. ఆమె ఆగింది. అతను సరిగా అన్నం తినలేదని జాలి కూడా పడింది. ఆ జాలిని తర్వాత చాలా రోజులు తిట్టుకుంది.

బోర్లు వారంలోనే పడ్డాయి. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరుసటి వేసవిలో, వీధి చివర మంత్రసాని ముసలమ్మ బావిలో ఆమె టేపు తడవకుండా పైకొచ్చింది.

అధికారి మళ్ళీ వస్తాడనగా, ముందు రోజు సాయంత్రం ఆమె బిందెడు నీళ్ళు మోసుకుని ముసలమ్మ ఇంటికి వెళ్ళింది.

"వానలే లేకపోతే ఎవర్నని ఏం లాభం తల్లీ" అంది ముసలమ్మ.

"వానల వల్లే కాదు పెద్దమ్మా. నీళ్ళు దిగిపోతున్నాయని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను." పుస్తకం సంగతి, చప్పట్ల సంగతి, అన్నీ చెప్పింది.

 ముసలమ్మ బిందెలో గ్లాసు ముంచి ముందు ఆమెకే ఇచ్చింది. "తాగు, గొంతెండిపోయింది."

ఆమె తాగలేక తాగింది.

"ఆ రోజు చప్పట్లు నేనూ కొట్టానే. ఏటేటా నా చేదకి తాడు ముడేసి పొడుగు చేస్తూనే ఉన్నా. అయినా చదువుకున్నాయన నీళ్ళు పెరిగాయన్నాడని, నా చేతిలో తాడుని నేను నమ్మలేదు."

"రేపు అందరి ముందూ చెప్తాను పెద్దమ్మా. మా ఆయన పక్కనే ఉంటాడు."

"ఉండనీ. నీకు ఈ పక్కన నేను కూర్చుంటా."

ఆమె వీధిలోకి దిగింది. ఆమె మలుపు తిరిగేదాకా ముసలమ్మ గుమ్మంలోనే లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడి, ఆ తర్వాత చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.