ఐదున్నర గంటల తేడా

హనుమత్ప్రసాద్ భార్య కుసుమకుమారిని చంపింది దుర్గేష్ రాసిన లెక్క. అందులో హనుమత్ప్రసాద్‌కు అనుమానమేమీ లేదు.

పంజాగుట్టలోని ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇచ్చి ఎంతసేపైందో వార్డు తెర మీద చూపించే కంప్యూటర్ పేజీ దుర్గేష్ రాసిందే. ఆమె పోయిన రోజు ఉదయం ఎనిమిదింటికి సూది వేశారు. తొమ్మిదింటికి తెర ఆరున్నర గంటలైందని చూపింది. మళ్ళీ వెయ్యాల్సిన వేళ దాటిందని నర్సు రెండో సూది వేసింది. నాలుగు నెలలైనా ఆ పేజీ అలాగే నడుస్తోంది. ఈరోజు దాన్ని ఆపించాల్సిందే. దుర్గేష్ కంప్యూటర్ పాఠం చెప్పే అమీర్‌పేట కోచింగ్ గదిలోకి హనుమత్ప్రసాద్ చెప్పులు విప్పకుండానే వెళ్ళాడు.

నలభై తలలు ఇటు తిరిగాయి.

“ఆఫీసుకు రావద్దన్నం కదా సార్, ఈడికి సుత వచ్చిన్రా?” అన్నాడు దుర్గేష్.

“సూది ఎనిమిదికి వేశారు. ఇప్పుడు తొమ్మిదనుకోండి. ఎంతసేపైందో చూపించండి. మీ పిల్లల ముందే.”

దుర్గేష్ నవ్వుతూ ప్రొజెక్టర్‌కు తగిలించిన లాప్‌టాప్‌లో టైపు చేశాడు. గోడ మీద పడింది: ఒక గంట.

“చూసిన్రా? మస్తుగ నడుస్తుంది. మీ బాధ నాకు సమజైతది. గని తప్పు నర్సుది.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హనుమత్ప్రసాద్ కదల్లేదు.

ముందు వరుసలో మంజూష అనే అమ్మాయి లేచింది. “సార్, మీ లాప్‌టాప్‌ల రాసేది, చదివేది రెండూ మన టైమే. ఆసుపత్రి సర్వర్ గ్రీనిచ్ టైం రాస్తుండొచ్చు కదా? అది మనకన్న ఐదున్నర గంటలు ఎనుక, మన ఎనిమిది ఆడ రెండున్నర. పేజీ దాన్ని మన రెండున్నరే అనుకుంటది.”

“కూసో మంజూషా.”

“ఒక్కసారి మార్చి చూడుండ్రి సార్. ఏం పోతది?”

దుర్గేష్ మార్చాడు. గోడ మీద పడింది: ఆరు గంటల ముప్పై నిమిషాలు.

దుర్గేష్ ఆసుపత్రికి ఫోన్ కలిపాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు.

“సిస్టరమ్మా, గా ఇన్సులిన్ పేజీ బంద్ చెయ్యిండ్రి. ఇప్పుడే. కాగితం చూసి సూది వెయ్యిండ్రి.”

అవతల ఆపేశామన్నాక హనుమత్ప్రసాద్ బయటికి నడిచాడు. దుర్గేష్ మెట్ల దాకా పరిగెత్తుకొచ్చాడు.

“మాఫ్ చెయ్యిండ్రి సార్. ఒక్కటి అడుగుత. రెండో సూది వేసేటప్పుడు మీరు పక్కనే ఉన్నరంట. గంటే అయిందని మీకు ఎరుకే కదా. నర్సుకు చెప్పలేదా?”

ఆ పూట హనుమత్ప్రసాద్ వాచీ చూసుకున్నాడు, గంటే అయింది. కానీ అది చదువుకున్నవాళ్ళ లెక్క, పల్లెటూరి బడిలో చదివిన తనకేం తెలుస్తుందని నోరు మూసుకున్నాడు.

“మీ పేజీ ఆగింది. నా పని అయిపోయింది,” అన్నాడు. “దీని గురించి ఇక నేను మాట్లాడను. మీతోనూ, ఎవరితోనూ.”