చేత్తో ఎత్తి కొన్న లాప్‌టాప్

మా ఆయన ఏ వస్తువునైనా ఒంటి చేత్తో ఎత్తి చూసి కొంటారు. కుర్చీ అయినా, కుక్కరు అయినా అంతే. ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆ చేతికి తెలియనిది లేదని ఆయన నమ్మకం. నా పాత లాప్‌టాప్‌ని అలాగే ఎత్తి, "ఇది ఇటుక" అని తీర్పు చెప్పారు. నాతో మాటైనా అనకుండా దాన్ని షాపులో ఇచ్చేసి, అట్టముక్కలాంటి కొత్తది పట్టుకొచ్చారు.

నేను లాయర్ల ఆఫీసుకి టైపు చేస్తాను. వాళ్లు రికార్డు చేసి పంపిన మాటలు చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని కొడతాను. పాతదాని మీద కీ కాస్త లోపలికి దిగి, వేలిని మళ్లీ పైకి నెట్టేది. అక్షరం పడిందని వేలే చెప్పేది. కొత్తదాంట్లో కీ దిగడానికి చోటే లేదు. పడిందో లేదో తెలియక గట్టిగా కొట్టేదాన్ని. సాయంత్రానికి వేళ్ల కొసలు మండిపోయేవి. ఒక అక్షరం రెండుసార్లు పడేది, ఇంకొకటి అసలు పడేదే కాదు.

రెండుసార్లు కాగితాలు తిరిగొచ్చాయి. "మూడోసారీ ఇలాగే ఉంటే పని వేరేవాళ్లకి ఇస్తామమ్మా," అన్నారు మేనేజరుగారు. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని. నాకు భయం పట్టుకుంది.

ఆయనతో చెబితే తాపీగా, "కీబోర్డుకేమైంది? నీకే వయసు మీద పడుతోంది," అన్నారు.

ఆ మాటకి మనసు చివుక్కుమంది. అయినా గొడవ పడలేదు. ఆయన డిపోకి ఇచ్చే సెలవు అర్జీలు ఎప్పుడూ నేనే కొట్టిపెడతాను. మర్నాడు ఒకటి కావాలని వస్తే, "వయసు మీద పడిందిగా, మీరే కొట్టుకోండి," అని లాప్‌టాప్ ఆయన ముందుకు తోసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

రెండు చూపుడు వేళ్లతో యుద్ధం మొదలైంది. ప్రతి కీనీ హారన్ నొక్కినట్టే నొక్కారు. అరపేజీ అయ్యేసరికి వేళ్లు ఊదుకుంటున్నారు.

"ఇదేంటి, నొక్కితే నొక్కినట్టే లేదు," అని వినిపించింది. కాసేపటికి చెప్పులు వేసుకుంటూ, "పద, కీబోర్డులు విడిగా కూడా అమ్ముతారట," అన్నారు.

షాపులో ఒక కంప్యూటరు, కొట్టి చూసుకోవడానికి దానికే తగిలించిన ఏడు కీబోర్డులు ఉన్నాయి. ఆయన చెయ్యి అలవాటుగా మొదటిదాన్ని ఎత్తబోయి ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నాలాగే కళ్లు మూసుకుని చూశారు గానీ, అక్షరాలు దొరక్క వెంటనే తెరిచారు. తడుముకుంటూ రెండే మాటలు కొట్టారు. వెనక నిలబడి స్క్రీన్ వైపు చూశాను.

"తప్పు నాది" అని ఉంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆ నోట రాలేదు. నాకు కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. రెండో కీబోర్డు మీద కూడా ఆయన అదే కొట్టారు. నేనూ ఒకసారి వేళ్లు ఆనించి చూశాను. కీ మెత్తగా దిగి, వేలిని పైకి నెట్టింది. నాకు కావలసింది అదే.

"ఎలా ఉంది?" అన్నారు, నా మొహం చూడకుండా.

"ఏమో," అన్నాను. "మిగతా ఐదూ కూడా కొట్టి చూడండి."