షావుకారు గది తాళం

మా ఇంట్లోకి తలపిన్ను రాదు. అమ్మ జడ రిబ్బన్లతోనే గడిచిపోయింది, నాదీ అంతే. బళ్లో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ, "తలపిన్ను మనవరాలు" అన్నవాళ్లే ఎక్కువ. ఎందుకో మా ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి మీకూ చెప్పేస్తాను.

యాభై రెండేళ్ల కిందట గడియారాల షావుకారును ఆయన గదిలోనే ఎవరో చంపేశారు. తలుపుకు తాళం వేసే ఉంది. దానికున్న ఒకే ఒక్క తాళంచెవి చచ్చిపోయినాయన చొక్కా జేబులో ఉంది. మరి హంతకుడు తలుపు ఎలా వేసి వెళ్లాడు? వరండాలో ఒక తలపిన్ను దొరికింది. అంతే, ఇన్‌స్పెక్టరు తేల్చేశాడు: "ఆ పిన్నుతో తిప్పి ఉంటారు." హంతకుడు దొరకలేదుగానీ ఆ మాట మాత్రం ఊరంతా దొరికింది.

ఆ తాళం చేసింది మా తాత. ఆయన్ని ఎవరూ అనుమానించలేదు. అంతకన్నా ఘోరం చేశారు, ఆయన తాళాన్ని అనుమానించారు. "ఒక్కసారి దాని ముందు నన్ను కూర్చోబెట్టండి" అని తాత పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. తాళమేమో కోర్టు బీరువాలో సీలు కింద ఉండిపోయింది.

ఇప్పుడా ఇల్లు టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు. చచ్చినవాడి కళ్లు చేరెడంటారు కదా, బతికుండగా ఎవరికీ సరైన టైము కూడా చెప్పని షావుకారు ఇప్పుడు మహానుభావుడయ్యాడు. ఆయన చెప్పులు అద్దాల పెట్టెలో ఉన్నాయి. ఒక గోడ నిండా అనుమానితుల ఫొటోలు: మేనల్లుడు, వంటమనిషి, వ్యాపారంలో భాగస్తుడు. జనం ఆ గోడ ముందు నిలబడి పెళ్లిసంబంధం ఎంచినట్టు హంతకుణ్ని ఎంచుకుంటారు.

మొన్న ఆ ఇంటి మేనేజరు మా తాళాల షాపుకొచ్చాడు. "కేసు మూసేశారు మేడమ్, తాళమూ తాళంచెవీ తిరిగొచ్చాయి. తాళాన్ని మళ్లీ అదే తలుపుకి బిగించాం. ఆదివారం పొద్దున అందరి ముందూ మీరు తలపిన్నుతో తెరవాలి. చేసినాయన మనవరాలే తెరిచిందంటే ఎంత బాగుంటుందో!"

నా ఒళ్లు మండింది. సుత్తి ఎక్కడుందా అని చూస్తున్నాను. ఈలోగా స్టూలు మీద కూర్చుని తాళంచెవికి ఆకురాయి పడుతున్న నాన్న తలెత్తి, "వస్తుంది" అన్నాడు.

అతను వెళ్లాక అడిగాను. "నాన్నా, అది తెరుచుకుంటే తాత పరువు ఇంకోసారి పోతుంది. తెరుచుకోకపోతే నేను కావాలనే ఓడిపోయానంటారు."

"కావాలని ఓడిపోతే ఊరికి తెలియకపోవచ్చు, నాకు తెలుస్తుంది. పక్కనే కూర్చుని వింటాను. గెలవడానికే కూర్చో తల్లీ. నాకు డెబ్బై ఆరు. అది మంచిదో కాదో తెలుసుకోకుండా పోలేను."

నాన్న గొంతులో అనుమానం వినడం అదే మొదటిసారి. తాత తాళం మీద ఆయనకూ ఎక్కడో ఒక బెరుకు మిగిలిపోయిందన్నమాట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఆదివారం వరండా కిటకిటలాడింది. ఎదురువీధి తాళాలాయన కూడా వచ్చాడు, నేను చతికిలబడితే కళ్లారా చూడాలని. మేనేజరు నా చేతిలో తలపిన్ను పెట్టాడు. నా జన్మలో దాన్ని పట్టుకోవడం అదే తొలిసారి. నాన్న తలుపుకు చెవి ఆనించి కుర్చీలో కూర్చున్నాడు.

పిన్ను వంచి లోపలికి పంపాను. లోపల ఆరు పలకలు. తాళం వెయ్యాలన్నా తియ్యాలన్నా ఒక్కోదాన్నీ సరిగ్గా కావలసినంతే లేపాలి. ఒకటి లేచింది. రెండోది, మూడోది. నాలుగోది కాస్త బెట్టు చేసి దారికొచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పటికి తాతనూ మర్చిపోయాను, పరువునూ మర్చిపోయాను. నేను తెరవలేని తాళం ఈ ఊళ్లో ఇంతవరకూ లేదు. గెలవాలి, అంతే. ఐదోది లేచింది. ఆరోదాన్ని వెంట్రుకవాసి ఎక్కువ లేపానో ఏమో, లోపల టక్కుమంది. తాళం మొత్తం బిగుసుకుపోయింది. పిన్ను తిప్పబోతే వంగిపోయింది.

నాకు ఏడుపొచ్చింది, ఓడిపోయినందుకు. పక్కకు చూస్తే నాన్న కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఎవరైనా దొంగతనంగా కెలికితే అలిగి కూర్చుంటుంది" అన్నాడు. "అలక తీర్చాలంటే అసలు తాళంచెవే కావాలి, ముందు వెనక్కి తిప్పాలి. మా నాన్న చెబుతుండేవాడు. నేను చూడలేదు."

మేనేజరు అద్దాల పెట్టెలోంచి తాళంచెవి తెచ్చాడు. నాన్న దాన్ని వెనక్కి తిప్పాడు, తర్వాత ముందుకి. యాభై రెండేళ్లు మూలనపడి ఉన్న తాళం వెన్నలా తెరుచుకుంది.

ఎదురువీధి ఆయన ఊరుకుంటాడా? "ఆడపిల్ల చెయ్యి, తాత మీద ప్రేమ ఉండదా" అంటూ తాళం మళ్లీ వేయించి, ఇంకో పిన్ను పుచ్చుకుని కూర్చున్నాడు. అరగంట కుస్తీ పట్టాడు. టక్కుమన్న చప్పుడు మూడుసార్లు వినిపించింది, మూడుసార్లూ నాన్నే అలక తీర్చాడు. చివరికి ఆయన చెమట తుడుచుకుని తాళానికి రెండు చేతులూ జోడించాడు. "దీని ముందు నేను చేసేవి డబ్బామూతలు" అన్నాడు నాన్నతో. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా! నాకు ఛాతీ ఉప్పొంగింది. దాచుకోను.

అప్పుడు గుంపులోంచి కళ్లజోడు కుర్రాడొకడు అన్నాడు. "పిన్నుతో తెరవలేరంటే ఇంకో తాళంచెవి ఉండి ఉండాలి. అది ఎవరి దగ్గర ఉంటుంది? చేసినాయన దగ్గరే! అయితే ఆయనే చంపాడేమో!"

వరండా అంతా గుప్పుమంది. నేను కొంగు బిగించాను. నాన్న నా చెయ్యి పట్టి ఆపాడు.

"అనుకో బాబూ" అన్నాడు. "మా నాన్న నల్లిని కూడా చంపలేక పక్కబట్టలు దులిపి వదిలేసేవాడు. అయినా అనుకో. హంతకుడని అను, పడతాం. చేతకాని పనివాడని మాత్రం అనకు."

మేనేజరు గట్టివాడు, వారం తిరిగేసరికి అనుమానితుల గోడ మీద నాలుగో ఫొటో ఎక్కించాడు. ఆ మాట తెలియగానే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వంగిపోయిన ఆ తలపిన్నును జేబుకు గుచ్చుకున్నాడు. ఇద్దరం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్లాం.

మేనల్లుడికీ వంటమనిషికీ మధ్య మా తాత, మీసం మెలేసి. కింద రాసి ఉంది: "తాను తప్ప ఇంకెవరూ తెరవలేని తాళం చేసిన మనిషి." నాన్న కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. పక్కన ఎవరో భార్యాభర్తలు, చంపింది మేనల్లుడని ఒకరు, కాదని ఒకరు వాదించుకుంటున్నారు. నాన్న ఆ భర్త భుజం తట్టి ఫొటో చూపించాడు.

"ఈయన్ని కూడా లెక్కలోకి తీసుకోండి" అన్నాడు. "మా నాన్న."