నెత్తిన నిలవని గుర్తులు

అరబ్బు దేశంలో, మత్రా బజారు వెనక సందులోని ఆ ప్రెస్సును శుక్రవారం తెరవరు. తొంభై అయిదు చలికాలంలో ఒక్క శుక్రవారం మాత్రం వెనకగదిలో కంప్యూటరు పొద్దుటినుంచీ నడుస్తూనే ఉంది. పొద్దు వాలేవేళ చదివే అసర్ నమాజు లోపు తాళంచెవి తెచ్చివ్వాలనే షరతు మీద అర్బాబు, అంటే యజమాని, ఒప్పుకున్నాడు. ఇంకోరోజు గది ఇచ్చినా లాభం లేదు. సాయంత్రం విమానానికి నోర్దెన్ వెళ్ళిపోతున్నాడు. వీసా క్యాన్సిల్ అయింది, మళ్ళీ వచ్చేది లేదు.

నోర్దెన్ ఆఫ్‌సెట్ మిషను మీద పనిచేసేవాడు. కాలింపాంగ్ కొండల్లోని లెప్చా తెగ మనిషి. అతని తండ్రి ఊళ్ళో పిల్లలకు వాళ్ళ లిపి నేర్పుతాడు. పుస్తకాలు లేక పాఠాలన్నీ చేత్తో రాసిచ్చేవాడు. ఇప్పుడా చెయ్యి వణుకుతోంది. కాలింపాంగ్‌లో ఒక ప్రెస్సువాళ్ళు వాచకం అచ్చువేస్తామన్నారు గాని, కంప్యూటరుకి పనికొచ్చే అక్షరాలు మీరే తెచ్చుకోండన్నారు. అప్పటినుంచి నోర్దెన్, కంపోజిటర్ గంగాధరం కలిసి శుక్రవారాలన్నీ దానికే ధారపోశారు. గంగాధరానికి ఆ లిపిలో ఒక్క ముక్క చదవడం రాదు. నోర్దెన్‌కి అక్షరాలు గీసే ప్రోగ్రాము పట్టుబడలేదు. ఒకరు లేనిదే ఇంకొకరు ముందుకు పోలేరు.

అక్షరాలన్నీ చక్కగా కుదిరాయి. వాటి నెత్తిన కూర్చునే చిన్న గుర్తులు మిగిలాయి. మన తలకట్టులాంటివే కదా, ఎంతసేపు పడతాయిలే అని గంగాధరం వాటిని చివరికి వదిలేశాడు. అదే కొంప ముంచింది. పొద్దున పదాలు కొట్టి చూస్తే ఒక్క గుర్తూ అక్షరం మీద నిలవలేదు. అన్నీ పక్కకు జారి, రెండక్షరాల నడుమ సందులో పడ్డాయి.

"దాదా, ఇట్లా అయితే ఎవరి టోపీ ఎవరిదో మా పిల్లలకు తెలీదు," అన్నాడు నోర్దెన్ హిందీలో. వాళ్ళిద్దరి మధ్యా నడిచేది ఆ భాషే. నవ్వుతూనే అన్నాడు గాని చూపు గోడగడియారం మీదనుంచి రావడం లేదు.

గంగాధరం గుర్తును చిన్నది చేశాడు, కిందికి దించాడు, మళ్ళీ పైకెత్తాడు.

వ్యాను డ్రైవర్ రహీం గుమ్మంలోకొచ్చాడు. జగిత్యాల మనిషి. "ఏంది గంగన్నా, ఇంక కాలేదా? సీబ్ ఎయిర్‌పోర్టు దాకా పోవాలె. జుమ్మా నమాజు అయిపోయింది, రోడ్డంత బండ్లే ఉన్నయి."

"ఆగవయ్యా బాబూ, చేతిలో పనుంది."

"పొద్దుగాల్నుంచి గదే జెప్తున్నవ్. ఇతన్ని ఈడనే ఉంచుకుంటవా ఏంది? విమానం తప్పితే పోలీసులొచ్చి తోలుకపోతరు, నువ్వొస్తవా వెంట?"

గంగాధరం తెర వైపు తిరిగాడు. ఆ ప్రోగ్రాములో ప్రతి అక్షరానికీ అటొక నిలువుగీత, ఇటొక నిలువుగీత ఉంటాయి. కుడిగీత దగ్గర ఒక అక్షరం ముగిసి రెండోది మొదలవుతుంది. అతను గుర్తును ఎడమగీతకు ఆనేదాకా జరిపి ఊరుకున్నాడు.

"ఇంకా జరుపు దాదా."

"గీత దాటుతుందయ్యా."

"దాటితే ఏమవుతుంది?"

"విరిగిపో..." అనబోయి గంగాధరం నాలిక్కరుచుకున్నాడు.

రాజమండ్రిలో సీసపు అక్షరాలు పేర్చి పెరిగిన చెయ్యి అది. దిమ్మ దాటి బయటికి పొడుచుకొచ్చిన ముక్క మిషను కింద పడి విరుగుతుందని, పనిలో చేరిన కొత్తలోనే మేస్త్రీ తిట్టి మరీ నేర్పాడు. ఇక్కడ విరగడానికి సీసమేదీ? ఇన్నేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ చెయ్యి ఇంకా సీసాన్నే కాపాడుతోంది.

గుర్తును ఎడమగీత దాటించి అవతలికి నెట్టాడు. కుడిగీతను లాక్కొచ్చి ఎడమగీత మీదే పెట్టాడు. ఇక ఆ గుర్తుకి సొంతచోటంటూ లేదు, ముందున్న అక్షరం మీద వాలవలసిందే. మిగతా గుర్తులన్నిటికీ అలాగే చేసి ఒక పేజీ తీశాడు.

నోర్దెన్ పైకి చదవడం మొదలుపెట్టాడు. గంగాధరం కాగితం వంక చూడలేదు, ఆ గొంతునే వింటూ కూర్చున్నాడు. మొదటి వరుస సాఫీగా సాగింది. రెండోదాంట్లో గొంతు తడబడింది.

"ఈ అక్షరం సన్నం, దాదా. గుర్తు దీన్ని దాటిపోయి దీని ముందున్నదాని నెత్తికెక్కింది."

బయట హారన్ మోగింది. మోగుతూనే ఉంది.

"వెడల్పువాటికి ఒకటి, సన్నవాటికి ఒకటి చేస్తాను. వేరే మీట నొక్కాలి," అన్నాడు గంగాధరం.

"ప్రతిదానికీ రెండు మీటలా? ఎవరికి జ్ఞాపకముంటాయి?"

"తెలుగు వత్తులు కొట్టడానికి మేమెన్ని మీటలు నొక్కుతామో నీకు తెలీదు. చచ్చామా? నువ్వే నేర్పు వాళ్ళకి."

రహీం ఈసారి లోపలికే వచ్చి నోర్దెన్ పెట్టె ఎత్తుకున్నాడు. "ఒకటి అరా తప్పుంటే ఏమైతది గంగన్నా? ఆడికి పోయినంక దిద్దుకుంటరు."

"అక్కడ దిద్దే ప్రోగ్రాము లేదు. ఇక్కడ చదివే మనిషుండడు."

రహీం కాసేపు నోర్దెన్ వంక, కాసేపు తెర వంక చూశాడు. "గట్లయితే జల్దీ కానీ. నేను అడ్డదారిల తోల్త," అని పెట్టె తీసుకుపోయాడు. ఆ తర్వాత హారన్ మోగలేదు.

గంగాధరం ఒక్కో గుర్తుకీ నకలు తీసి, సన్నక్షరానికి సరిపడా జరుపుతూ పోయాడు. ప్రింటరు పేజీని కక్కుతుంటే నోర్దెన్ అంచు పట్టుకుని నిలబడ్డాడు, కాగితం పూర్తిగా బయటికి రాకముందే చదువుతున్నాడు. మొదటి వరుస దాటింది. రెండోదాంట్లో సన్నక్షరం ఎక్కడుందో గంగాధరానికి తెలుసు. ఆ చోట గొంతు తడబడలేదు. మూడో వరుస, నాలుగో వరుస. పేజీ అడుగుదాకా వెళ్ళి ఆగింది.

"బాగుంది, దాదా."

ఫ్లాపీ ఒకటి పాడైతే మరొకటని రెండింటిలోకి ఎక్కించి ఇచ్చాడు గంగాధరం. నోర్దెన్ వాటిని చొక్కా లోపల పెట్టుకుని, సిరా మరకల చేతులతో గంగాధరం చేతులు రెండూ ఒక్కసారి గట్టిగా పట్టుకుని, వ్యాను వైపు పరిగెత్తాడు.

తాళంచెవి ఇవ్వడానికి ఇంకా వ్యవధి ఉంది. గంగాధరం వెనకగదిలోకి వచ్చి, కుర్చీలో కూలబడి, తోచిన మీటలు తోచినట్టు నొక్కాడు. వెడల్పు అక్షరాలు, సన్నవి, వాటి మీద గుర్తులు. ఏం రాశాడో అతనికి తెలియదు. చెప్పగలిగిన మనిషి ఈపాటికి ఎయిర్‌పోర్టు దారిలో ఖురుమ్ దాటి ఉంటాడు. గుర్తులు మాత్రం వేటి నెత్తిన అవి కుదురుగా కూర్చున్నాయి. అతను చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయాడు.