గోడవైపు తిరిగిన డబ్బా

పిన్ని నడిపే చక్రాల కుర్చీల షెడ్డులో, తలుపు పక్కన బల్ల మీద ఒక రేకు డబ్బా ఉంది. పాత బిస్కెట్ల డబ్బా. డబ్బులు వేసే కంత మనవైపు ఉండదు, గోడవైపు ఉంటుంది. వేయాలనుకున్నవాళ్లు చెయ్యి చుట్టూ తిప్పి, డబ్బాని కౌగిలించుకున్నట్టుగా వేయాలి. షెడ్డు తెరిచిన మొదటి రోజు ఒకాయన పెద్ద నోటు వేశాడట, వెనకాల నిలబడ్డ ముసలాయన గుప్పిట్లో ఉన్న చిల్లర మళ్లీ జేబులోకి జార్చేశాడట. పిన్ని అది చూసింది. మర్నాటికి కంత గోడవైపు తిరిగింది. అంతే, మళ్లీ ఇటు తిరగలేదు.

అక్కడ అద్దె అనే మాటే లేదు. కాలు విరిగినవాళ్లు వస్తారు, పుస్తకంలో పేరు రాస్తారు, కుర్చీ తోసుకుంటూ పోతారు, కట్టు విప్పాక తెచ్చి ఇచ్చేస్తారు. జీవితాంతం కుర్చీలోనే ఉండేవాళ్లు చక్రం వంకరపోయినప్పుడల్లా వస్తారు. ఆ చక్రాల్ని సరిచేసేది మెకానిక్ బాబాయి. చుట్టం కాదు, అందరికీ బాబాయి. ఊచల్ని వేలితో మీటి, చెవి ఆనించి, ఏది వదులో చెప్పేస్తాడు. ఆ విద్య ఆ షెడ్డులో ఇంకెవరికీ రాదు. పిన్నికి పంక్చరు వెయ్యడం వచ్చు. పిన్ని అక్క కూతురికైతే అదీ రాదు.

ఆ అక్క కూతుర్ని అందరూ తూనీగ అంటారు. ఇరవై మూడేళ్లు, కంప్యూటరు చదువు, ఒక్కచోట వాలదు, వాలినా రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది.

మొదటి తారీఖు పొద్దున బాబాయి చేతులు తుడుచుకుంటూ పిన్ని ముందు నిలబడ్డాడు.

"అక్కా, నెలకోసారి డబ్బా మూత తీసి ఎంతుంటే అంత నా చేతిలో పెడుతున్నావ్. ఓ నెల నిండుగా ఉంటుంది, ఓ నెల గలగలమంటుంది. మా అమ్మాయి హాస్టలుకి గలగల చాలదు. సైకిళ్ల ఫ్యాక్టరీవాళ్లు రమ్మంటున్నారు. నెలాఖరులోగా చెప్పమన్నారు."

పిన్ని కళ్లు కుర్చీల వరస మీదకి పోయాయి. ఆయన పోతే షెడ్డులో కుర్చీలుంటాయి, చక్రాలే తిరగవు.

అప్పుడే తలుపులో అడుగు పెట్టిన తూనీగ మాత్రం ఊపిరి కూడా తీసుకోకుండా అందుకుంది. "బాబాయ్! వంద మంది! నెలనెలా తలా కాస్త ఇచ్చేవాళ్లు వంద మంది దొరికితే నీ జీతం ఖాయం కదా? నేను ఫారం పెడతా. ఆన్‌లైన్లో. ఒక్కసారి ఇచ్చేవాళ్లు ఒక్కసారి ఇస్తారు, నెలనెలా ఇచ్చేవాళ్లు నెలనెలా ఇస్తారు, వాళ్లు మర్చిపోయినా డబ్బు దానంతటదే వస్తుంది. నెలాఖరు దాకా ఆగు బాబాయ్, ప్లీజ్!"

"ఉట్టికెగరలేనమ్మ..." అని బాబాయి మొదలుపెట్టి, ఆ పిల్ల మొహం చూసి మిగతా సగం మింగేశాడు. "సరే, ఆగుతా. కానీ నీది ఆరంభశూరత్వమని మీ పిన్నే చెప్పింది."

"ఈసారి చూడు!"

గ్రీజు మరకల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని తూనీగ ఫారం మొదలుపెట్టింది. పక్కన స్టూలు మీద పిన్ని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని.

"పేరెందుకే?"

"రసీదు ఇవ్వాలి కదా పిన్నీ."

"రసీదు వద్దనేవాడికి?"

తూనీగ పళ్లు కొరికి, పేరు గడి ఖాళీగా వదిలేసినా ఒప్పుకునేలా మార్చింది. ఫోన్ నంబరు ఒక్కటి చాలు అనిపించింది.

"ఈ నాలుగు అంకెలేంటి?"

"ఎంతివ్వాలో ఆలోచించే పని లేకుండా పిన్నీ, ఒకటి నొక్కేస్తే చాలు."

"నీ చిన్న అంకెకన్నా తక్కువున్నవాడు ఏది నొక్కాలి?"

"కింద ఖాళీ గడి ఉందిగా!"

"అదే పైన పెట్టు. ఆ నాలుగూ తీసెయ్."

"పిన్నీ, ఇది డబ్బా కాదు!"

"కాదని ఎవరన్నారు?" అని పిన్ని లేచి వెళ్లిపోయింది. తూనీగ అంకెలు తీసేసింది. చివరికి రెండు గుండ్రాలు మిగిలాయి, ఒకటి 'ఒక్కసారి', రెండోది 'నెలనెలా'. ఏదో ఒకటి ముందే నిండి ఉండాలి కాబట్టి 'ఒక్కసారి' నింపి, ఎనిమిదో తారీఖున ఫారాన్ని లోకం మీదకి వదిలింది.

పది రోజుల్లో నూట పన్నెండు మంది ఇచ్చారు. షెడ్డంతా ఎగిరి గంతేసింది. కానీ వాళ్లలో నెలనెలా ఇస్తామన్నవాళ్లు తొమ్మిది మంది. తొమ్మిది! తూనీగ ఆ అంకెని ఎంతసేపు చూసినా అది పెరగలేదు. జనం వస్తున్నారు, ఇస్తున్నారు, నిండి ఉన్న గుండ్రాన్ని అలాగే వదిలేసి పోతున్నారు. ఎవరూ వేలు కదపడం లేదు.

వేలు కదపడం లేదంటే...

మిగతా ఫారాలు ఎన్ని చూడలేదూ! అన్నీ అలాగే చేస్తాయి. పద్దెనిమిదో తారీఖు మధ్యాహ్నం, పిన్ని బయట ట్యూబులోకి గాలి కొడుతుండగా, తూనీగ 'ఒక్కసారి' ఖాళీ చేసి 'నెలనెలా' నింపింది. అర నిమిషం పని. ఎవరికీ చెప్పలేదు, చెప్పేంత పెద్ద విషయమా అనుకుంది.

నాలుగు రోజుల్లో తొమ్మిది కాస్తా ఎనభై మూడయింది.

ఇరవై రెండో తారీఖు పొద్దున అట్టముక్క మీద ఆ అంకె రాసి గోడకి తగిలిస్తే బాబాయి నోరు వెళ్లబెట్టాడు. "నిన్ను తక్కువ అంచనా వేశానమ్మాయ్! ఇంకేం, మధ్యాహ్నం ఫ్యాక్టరీకి ఫోన్ చేసి రానని చెప్పేస్తా." ఆయన ఈల వేసుకుంటూ చక్రం ముందు కూర్చున్నాడు. ఆయన ఈల వేయడం తూనీగ ఎప్పుడూ వినలేదు.

ఆ ఈల మధ్యలోనే వచ్చింది టైలరమ్మ. మూడు వీధుల అవతల స్కూలు యూనిఫారాలు కుడుతుంది. వాళ్లమ్మ కుర్చీ ఈ షెడ్డుదే. మెడలో టేపు అలాగే వేలాడుతోంది, చేతిలో ఫోన్ ముందుకు చాచి ఉంది.

"అమ్మా తూనీగా, ఇదేంటో చదువు. వచ్చే నెల ఇదే తేదీకి మళ్లీ తీసుకుంటారట. నేనెప్పుడు చెప్పాను?"

"అది... ఫారంలో నెలనెలా అని ఉంది కదండీ..."

"ఉంటే? నేను పెట్టానా ఆ టిక్కు? ఈ నెల స్కూళ్లు తెరిచారు, చేతినిండా పని, ఇచ్చాను. వచ్చే నెల కత్తెరకి పనుంటుందో లేదో నాకే తెలీదు." ఆమె కోపంగా కూడా లేదు. అదే తూనీగకి ఇంకా కష్టంగా ఉంది. "ఆ డబ్బా చూడు. ఒకసారి వేస్తే వేసినట్టే. నా వెనకాలే ఇంటికొచ్చి సంచిలో చెయ్యి పెట్టదుగా?"

తూనీగ కంప్యూటరు ముందుకు ఉరికింది. గబగబా టైలరమ్మ నంబరు వెతికి నెలవారీది రద్దు చేసింది, ఫోన్‌లో మెసేజ్ వచ్చేదాకా ఆమెతోనే నిలబడింది. టైలరమ్మ తల ఊపి వెళ్లిపోయింది.

ఒక్కటే కదా పోయింది, ఎనభై రెండు ఉన్నాయి. ఎవరికీ తెలీదు. మిగతావాళ్లు అడిగితే అప్పుడు చూడొచ్చు. తూనీగ ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుంది. రెండోసారి అనుకుంటుండగా బాబాయి లేచి, చేతులు కడుక్కుని, జేబులోంచి ఫోన్ తీశాడు.

"బాబాయ్, ఆగు! చెయ్యొద్దు!"

"ఏమైందే?"

పిన్ని కూడా తల ఎత్తింది. ఇక దాచడానికేం లేదు. తూనీగ ఒక్క గుక్కలో చెప్పేసింది. "నెలనెలా అన్న టిక్కు వాళ్లు పెట్టింది కాదు, నేను పెట్టింది. తొమ్మిది మందే నిజం. మిగతా వాళ్లని అడగలేదు. నువ్వు ఆ అంకె నమ్ముకుని ఫ్యాక్టరీ వదులుకోవద్దు."

షెడ్డులో చక్రం ఒక్కటే ఇంకా మెల్లగా తిరుగుతోంది.

బాబాయి ఈల వేసిన మూతిని అరచేత్తో తుడుచుకున్నాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? నా జీతం కోసం నువ్వు దొంగ టిక్కులు పెట్టడమేంటి?" కసిరాడే గానీ ఫోన్ జేబులో పెట్టేశాడు. "నెలాఖరుకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఏం చేస్తావో చెయ్. నేను మాట తప్పను, ఆ రోజు దాకా ఆగుతా."

పిన్ని తిట్టలేదు. స్టూలు తెచ్చి కంప్యూటరు పక్కన వేసుకుని కూర్చుంది. "ఊఁ, తియ్. అన్నీ తియ్. నేను అంకెలు చదువుతా, నువ్వు కొట్టు."

డెబ్భై మూడు. ఒక్కొక్కటీ రద్దు. ప్రతి ఒక్కరికీ మెసేజ్: 'నెలనెలా అన్న టిక్కు మీరు పెట్టలేదు, మేమే పెట్టాం. తప్పు మాది. తీసేశాం. మీ నుంచి మళ్లీ ఏమీ తీసుకోం. నెలనెలా ఇవ్వాలని మీకే ఉంటే మీరే పెట్టుకోండి. ఎప్పుడైనా ఆపేయొచ్చు.' తర్వాత ఫారం తెరిచి రెండు గుండ్రాలూ ఖాళీ చేసింది. ఏదీ ముందే నింపకూడదు, ఎంచుకోకపోతే ముందుకు పోదు. 'ఆపేయాలంటే' అన్న మీటని అడుగు నుంచి లాక్కొచ్చి అందరికీ కనబడేలా పైన పెట్టింది. అట్టముక్క మీద ఎనభై మూడు కొట్టేసి తొమ్మిది రాసింది. పెద్దగానే రాసింది.

ఇక మొదలైంది అసలు పరుగు. కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి, తిరిగిచ్చేవాళ్లకి, గాలి కొట్టించుకునేవాళ్లకి, అందరికీ తూనీగ బాబాయి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేది. "ఈయన ఉండాలంటే నెలనెలా జీతం ఉండాలి. వంద మంది కావాలి. ఇప్పటికి ఇంతమందే." ఫారం తెరిచి ఫోన్ వాళ్ల చేతిలో పెట్టేది. పెట్టి, గిరుక్కున తిరిగి గోడవైపు మొహం పెట్టుకుని నిలబడేది.

మొదటిసారి చూసి పిన్ని పకపకా నవ్వింది. "డబ్బాలు రెండయ్యాయి!"

గోడవైపు చూస్తూ నిలబడటం తూనీగలాంటి పిల్లకి శిక్షే. వెనక ఏం నొక్కుతున్నారో తెలీదు. సున్నం పెచ్చులు లెక్కపెట్టేది. ఫోన్ భుజానికి తగిలితేనే తిరిగేది, తెర చూడకుండా "థాంక్సండీ" అనేది.

మెసేజ్ అందుకున్నవాళ్లలో కొందరు ఉలకలేదు, పలకలేదు. ఒకాయన ఫోన్ చేసి అరగంట దులిపేశాడు, దులిపి దులిపి చివర్లో, "తప్పు మాదే అని రాసినవాళ్లని ఇంతవరకు చూళ్లేదు" అని తనే టిక్కు పెట్టాడు. టైలరమ్మ అయితే ఫారం లింకుని కాగితం మీద అచ్చువేయించి కుట్టుమిషను ముందు అంటించింది. కొలతలిచ్చే ప్రతివాళ్లకీ ఒకటే మాట. "టిక్కు మీరే పెట్టుకోవాలి. ఇష్టం లేకపోతే పెట్టకండి. నేను మాత్రం ఎప్పుడూ ఒక్కసారే ఇస్తా. కాకపోతే చాలాసార్లు ఒక్కసారి!"

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నానికి అట్టముక్క మీద అంకె అరవై ఆరు.

వంద కాదు. తూనీగ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అంకెని ఒక్కటి కూడా పెంచలేదు. "ఇదే నిజం బాబాయ్. నువ్వు ఫ్యాక్టరీకి ఫోన్ చేసుకో."

బాబాయి అట్టముక్క ముందు నిలబడి చాలాసేపు చూశాడు, ఊచలు వినేటప్పుడు చూసినట్టు. తర్వాత ఫోన్ తీశాడు. "సార్, నేనే. వారానికి నాలుగు రోజులు నాకు ఇక్కడ పని ఉంది. అరవై ఆరు మంది నిలబడ్డారు, ఆ నాలుగు రోజుల జీతం ఖాయం. మిగతా రెండు రోజులు మీ దగ్గరకొస్తా. చక్రాలు సరిచేసేవాడు మీకు రెండు రోజులకైనా దొరికాడా? దొరకలేదు కదా. మరి ఆలోచించుకోండి." అవతల గొణుగుడు. ఇటు బాబాయి ఊఁ, ఊఁ. ఫోన్ పెట్టేసి, ఏమీ జరగనట్టు చక్రం ముందు కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" తూనీగ, పిన్ని ఒకేసారి అడిగారు.

"సణిగాడు. ఒప్పుకున్నాడు." ఊచని వేలితో మీటాడు. "నాలుగు రోజులు మీవాణ్ణి."

"ఆ రెండు రోజులూ లాక్కొచ్చేస్తా బాబాయ్! వచ్చే నెలకి కాకపోతే పై నెలకి!" అంటూనే తూనీగ అట్టముక్క దింపి, అరవై ఆరు కింద 'ఇంకా ముప్పై నాలుగు' అని రాసింది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చంక కర్రలతో ఒక పెద్దాయన, కుర్చీ కోసం. పిన్ని పుస్తకం తెరిచింది. తూనీగ సంగతంతా చెప్పి, ఫోన్ ఆయన చేతిలో పెట్టి, డబ్బా పక్కన గోడవైపు తిరిగి నిలబడింది. వెనకనించి బాబాయి ఈల మళ్లీ మొదలైంది.